కొండాపూర్‌లో ఒక రెస్టారెంటు, దాని గోడ మీద ఒక బోర్డు

కొండాపూర్ ప్రధాన రహదారికి కాస్త లోపలగా ఉన్న ఒక ఆంధ్ర భోజనాల రెస్టారెంటుకు గత నవంబరు నుంచి మార్చి వరకు మూడుసార్లు వెళ్ళాం. అక్కడి గోంగూర మటన్ గురించీ, ఆదివారం భోజనంలో వడ్డించే ఉలవచారు గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి మీద నేను కొత్తగా చెప్పవలసింది పెద్దగా లేదు. రెండూ బాగుంటాయి, ఉలవచారులోకి మీగడ మాత్రం అడిగితేనే వేస్తారు. నేను రాయదలచింది వేరే సంగతి. ఈ రెస్టారెంటు తన ఆవరణలో ఈ-సిగరెట్, అంటే కుర్రవాళ్ళు వేప్ అని పిలిచే వస్తువును ఎవరూ వాడకూడదని నియమం పెట్టుకుంది. ఆ నియమాన్ని ఎంతవరకు నిలబెట్టుకుంటున్నదో, ఉబ్బసం ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళే కుటుంబానికి దానివల్ల ఒరిగేది ఏమిటో చూసి రాస్తున్న సమీక్ష ఇది. మూడు సార్లలో ఒకసారి సిబ్బంది పొరపాటు చేశారు కాబట్టి, ఆ భారం ఒకరిద్దరు వెయిటర్ల ఉద్యోగం మీద పడకూడదని రెస్టారెంటు పేరు రాయడం లేదు.

మొదటిసారి వెళ్ళింది నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇంటిల్లిపాదీ కలిసి పధ్నాలుగు మందిమి. మా అక్క కొడుకు బర్మింగ్‌హామ్‌లో చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరబోయే ముందు నెలరోజులు ఉండిపోదామని వచ్చాడు. పునుగుల పళ్ళెం ఖాళీ అయ్యేలోపు వాడు జేబులోంచి హైలైటర్ పెన్నులాంటి దాన్ని తీసి, బల్ల కిందికి వంగి ఒక దమ్ము లాగాడు. మామిడిపండు వాసన లేచింది. మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, ఎవరో రసాలు కోస్తున్నారనుకుని చుట్టూ చూసింది. నవంబరులో రసాలెక్కడివి?

అరవై ఏళ్ళు దగ్గరపడుతున్న ఒక వెయిటర్ నెమ్మదిగా వచ్చి, వాడి పక్కన వంగి, మిగతా బల్లల వాళ్ళకు వినపడనంత స్వరంతో, "బాబూ, అది లోపల వద్దండి" అన్నాడు. "ఇది సిగరెట్ కాదు అంకుల్, పొగ కూడా కాదు, ఆవిరి" అన్నాడు మావాడు. "తెలుసు బాబూ. మా దగ్గర అదీ వద్దు. బోర్డు పెట్టాం" అని చెప్పి, ఖాళీ పళ్ళెం తీసుకుని, "ఇంకో ప్లేటు పునుగులు పంపమంటారా?" అని అడిగి వెళ్ళిపోయాడు. వాడు దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. మొత్తం వ్యవహారం అర నిమిషంలో ముగిసింది. ఆ పెద్దాయన చట్టం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆరోగ్యం గురించి హితబోధ చేయలేదు, అది పొగా ఆవిరా అన్న వాదనలోకి అసలు దిగలేదు. ఇది మా ఇల్లు, మా ఇంట్లో ఇది కుదరదు అన్న ఒక్క మాట మీదే నిలబడ్డాడు. నాకు తెలిసినంతలో ఈ దేశంలో ఒక వ్యాపారస్థుడికి ఈ విషయంలో ఉన్న గట్టి ఆధారం కూడా అదే. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

మన దేశంలో ఈ-సిగరెట్ నిషిద్ధమని అందరికీ తెలుసు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చట్టంగా స్థిరపడిన ఆ నిషేధం ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నింటినీ పేరుపేరునా ఆపింది. అమ్మినవాడు మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ; మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఒక పదార్థాన్ని వేడిచేసి పీల్చుకోవడానికి ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరమేదైనా, ఈ-హుక్కాతో సహా, ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఇంత విశాలంగా రాసిన చట్టంలో, నిషేధించిన పనుల జాబితాలో, వాడకం అన్న మాట మాత్రం లేదు. బల్ల దగ్గర కూర్చుని దమ్ము లాగేవాడిని పేరు పెట్టి శిక్షించే సెక్షన్ అందులో కనపడదు.

సరే, బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని ఆపే పాత చట్టం ఉంది కదా అంటారా? 2003 నాటి ఆ పొగాకు ఉత్పత్తుల చట్టంలో ధూమపానం అంటే పొగాకును ఏ రూపంలోనైనా తాగడం అని నిర్వచనం. మావాడి చేతిలో ఉన్నదానిలో పొగాకు ఆకు లేదు, నిప్పు లేదు, బూడిద లేదు. "ఇది పొగ కాదు" అన్న వాదన అక్కడి నుంచే పుడుతుంది. ఆ ద్రవంలోని నికోటిన్ సాధారణంగా పొగాకు నుంచి తీసిందే కదా అని లాయర్లు వాదించుకోవచ్చు, కానీ భోజనాల వేళ వేడి అన్నం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ వెయిటర్ ఆ వాదన చేయలేడు. రెండు చట్టాల మధ్య మిగిలిన ఆ సందును పూడ్చగలిగింది యజమాని తన గోడ మీద రాసుకునే నియమమే. తన ఆవరణలో ఏది కూడదో చెప్పే హక్కు, వినని అతిథికి వడ్డన ఆపే హక్కు యజమానికి ఉన్నాయి కనుక, బోర్డు ఉన్న రెస్టారెంటుకూ లేని రెస్టారెంటుకూ తేడా చాలా ఉంది.

మావాడు తిరిగి వెళ్ళబోయే బర్మింగ్‌హామ్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. ఇంగ్లండులో 2007 జులై 1 నుంచి మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో, పని స్థలాల్లో పొగతాగడం నేరం, కానీ ఆ చట్టం వేప్‌కు వర్తించేలా రాసింది కాదు. అమ్మకం కూడా పద్ధెనిమిదేళ్ళు దాటినవారికి చట్టబద్ధమే. ఒకసారి వాడి పారేసే రకాలను మాత్రం 2025 జూన్ 1 నుంచి అమ్మనివ్వడం లేదు. అందుచేత అక్కడ రైళ్ళవాళ్ళూ, వెదర్‌స్పూన్ లాంటి పబ్బులవాళ్ళూ తమంతట తాము లోపల వద్దని నియమం పెట్టుకున్నారు. "అక్కడ ప్రతి తలుపు దగ్గరా బోర్డు చూసుకునే అలవాటు పిన్నీ, ఇక్కడ అసలు నిషేధం కదా, బోర్డెందుకు ఉంటుందిలే అనుకున్నాను" అన్నాడు వాడు. ఆ మాటలో తర్కం లోపించిందని వాడితో చెప్పాను గాని, తర్వాత ఆలోచిస్తే మన రెస్టారెంట్ల యజమానుల్లో చాలామంది అనుకునేదీ అదే. నిషేధం ఉంది కదా, మనకెందుకు బోర్డు అని ఊరుకుంటారు.

బోర్డు సంగతికి వస్తే, ఇక్కడ రెండున్నాయి. పొగతాగరాదన్న పాత బోర్డు 2008 నిబంధనల ప్రకారం ఉండవలసినట్టే ఉంది: అరవై సెంటీమీటర్లు, ముప్పై సెంటీమీటర్ల కొలత, తెల్లటి నేపథ్యం, ఫిర్యాదు ఎవరికి చేయాలో వారి పేరు, నంబరు. దాని కింద చెక్కమీద చెక్కించిన చిన్న రెండో బోర్డు వేప్ గురించినది. అదే బోర్డు చేతులు కడుక్కునే చోట ఒకటి, డాబా మీదికి వెళ్ళే మెట్ల దగ్గర ఒకటి ఉన్నాయి, మెనూ చివరి పేజీలోనూ ఒక వాక్యం ఉంది. చోట్లు బాగా ఎంచుకున్నారు. భాష విషయంలోనే దెబ్బతిన్నారు. ఇంగ్లీషు అక్షరాలు జానెడేసి ఉన్నాయి, వాటి కింద తెలుగులో సన్నగా "వేపింగ్ చేయరాదు" అని ఉంది. మా అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని అది చదివి, "ఏమే, ఇక్కడ వేపుళ్ళు చెయ్యరా? మరి చేపల వేపుడు చెప్పావు?" అని అడిగింది. బల్లంతా నవ్వాం. కానీ నవ్వుతో పోయేది కాదు అది. వేపుడు తెలిసిన భాషలో, వేపచెట్టు ఉన్న భాషలో, ఆ మాట పెద్దవాళ్ళకు ఏమీ చెప్పదు, కుర్రవాళ్ళు ఎలాగూ ఇంగ్లీషే చదువుతారు. ఇక పాత బోర్డు మీద "సిగరెట్లు, బీడీలు కాల్చరాదు" అన్న వరుస ఒకటి ఉంది. ఆ క్రియను పట్టుకుని "నేనేమీ కాల్చడం లేదు" అనడానికి తెలివైనవాడికి ఒక్క క్షణం చాలు. మన భాషలో సిగరెట్ కాల్చుతాం, తాగుతాం కూడా. తాగడం అన్న మాటకు నిప్పుతో పని లేదు. "సిగరెట్, ఈ-సిగరెట్, హుక్కా ఏదీ ఇక్కడ తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాస్తే సందు మిగలదని మేనేజరుకు ఒక చీటీ రాసి ఇచ్చి వచ్చాను.

రెండోసారి జనవరిలో, శుక్రవారం రాత్రి, మావారూ నేనూ మాత్రమే వెళ్ళాం. ఆయనకు ఉబ్బసం. చలికాలం కావడంతో లోపలి హాలు ఏసీ చల్లదనం పడదని డాబా మీద కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఏదో ఆఫీసు బృందం, ఎనిమిది మంది, ఒకే పరికరాన్ని ముగ్గురు చేతులు మార్చుకుంటున్నారు. ఈసారి పుదీనా వాసన. మా కోడి పలావు మీది పుదీనా కాదది, పళ్ళు తోముకునే పేస్టు పుదీనా. ఆ వాసనకీ, ఉల్లిపాయ పెరుగు పచ్చడికీ కుదిరే పొత్తు కాదు. ఆరుబయట కదా అనుకోవచ్చు, కానీ ఆ డాబాకు మూడువైపులా వెదురు తడికలు, పైన రేకు ఉన్నాయి, గాలి ఒక్క వైపు నుంచే వస్తుంది.

వడ్డిస్తున్న కుర్రవాడితో చెప్పాను. "చెప్తాను మేడమ్" అని వెళ్ళి, వాళ్ళ దగ్గర నీళ్ళు పోసి, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాడు. పది నిమిషాలు ఆగి మళ్ళీ అడిగితే, "మీకు లోపల మంచి టేబుల్ ఇస్తాను మేడమ్" అన్నాడు. అంటే నియమం పాటించని వాళ్ళు కదలరు, పాటించినవాళ్ళం కదలాలి. మేనేజరు ఎక్కడ అంటే బ్యాంకు పనిమీద బయటికి వెళ్ళాడన్నాడు, రాత్రి తొమ్మిదిన్నరకు. చివరికి మేమే లోపలికి మారాం. మారుతున్నప్పుడు ఆ కుర్రవాడు స్వరం తగ్గించి, "వాళ్ళది పెద్ద బిల్లు మేడమ్, నేను చెప్తే ఫోన్ తీసి నా పేరుతో రేటింగ్ పెడతారు" అన్నాడు. నాకు కోపం తగ్గలేదు గాని అది అతని మీది నుంచి మాత్రం పోయింది. నవంబరులో మావాడిని ఆపిన పెద్దాయనకు ఆ ఇంట్లో ఏళ్ళ అనుభవం ఉంది, పధ్నాలుగు మంది కుటుంబంలో పిన్నులూ అమ్మమ్మలూ తనవైపే ఉంటారన్న ధైర్యం ఉంది. జనవరి నాటి ఈ కుర్రవాడికి ఆ రెండూ లేవు. బోర్డు ఇద్దరికీ ఒకటే అయినా, దాన్ని పలకగలిగే నోరు ఒకరికే ఉంది. అక్కడే ఈ రెస్టారెంటుకు నేను మార్కులు తగ్గించాను.

ఇక్కడ ఒక మాట. వేప్ నుంచి వచ్చేది నీటి ఆవిరి అని చాలామంది నిజంగానే నమ్ముతారు. అది నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే ద్రవాలను చిన్న బ్యాటరీతో వేడిచేస్తే పుట్టే సూక్ష్మమైన తుంపర, దానితోపాటు చాలా రకాల్లో నికోటిన్, రుచికోసం కలిపే రసాయనాలు. సిగరెట్ పొగతో పోలిస్తే పక్కవారికి చేరే హానికర పదార్థాలు తక్కువే, అది ఒప్పుకోవాలి. కానీ తక్కువ అంటే ఏమీ లేదని కాదు, ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులకు ఘాటైన వాసనే చాలు. ఇంకో చిక్కు, అది కొన్ని క్షణాల్లో గాలిలో కలిసిపోతుంది. బూడిద పడదు, పీక మిగలదు, చేతిలోని వస్తువు పెన్నులానో పెన్‌డ్రైవ్‌లానో ఉంటుంది. వెయిటర్ వచ్చేసరికి సాక్ష్యం ఉండదు. సిగరెట్ నియమాన్ని అమలు చేసిన అనుభవం దీనికి నేరుగా పనికిరాకపోవడానికి ఇదే కారణం.

పోల్చడానికి మరో రెండు చోట్ల సంగతి. మాదాపూర్ వైపు ఒక కాఫీ షాపులో బోర్డే లేదు, అడిగితే "కస్టమర్ ఇష్టం" అన్నారు. అక్కడికి మళ్ళీ వెళ్ళలేదు. ఇంకో రెస్టారెంటులో "వేప్ వాడితే రూ. 2,000 జరిమానా" అని ఎర్రరంగు అక్షరాలతో బోర్డు ఉంది. చూడటానికి కఠినంగా ఉన్నా దాని వెనక బలం లేదు. బహిరంగ ప్రదేశంలో పొగతాగినందుకు చట్టం వేయనిచ్చే జరిమానాయే రూ. 200 వరకు, అదీ అధికారం ఉన్నవారు వేయాలి. ఒక ప్రైవేటు వ్యాపారం తనంతట తాను రెండువేలు ఏ చట్టం కింద వసూలు చేస్తుందో అక్కడి మేనేజరు చెప్పలేకపోయాడు, ఎప్పుడైనా వసూలు చేశారా అంటే నవ్వాడు. వసూలు చేయలేని జరిమానా రాసుకునే కన్నా, వడ్డన ఆపుతామని రాసుకోవడం నయం. అది చేయగలిగిన పని.

కొండాపూర్ రెస్టారెంటు సరిగ్గా అదే చేస్తుందని మూడోసారి, మార్చిలో, తెలిసింది. జనవరి అనుభవం రాసి పంపితే మేనేజరు ఫోన్ చేసి రమ్మన్నారు. భోజనం ఉచితమన్నారు, వద్దన్నాం, బిల్లు కట్టే వచ్చాం. ఆయన చెప్పిన పద్ధతి ఇది: ఎవరైనా వేప్ తీస్తే వెయిటర్ ఒక్కసారి చెప్పాలి, రెండోసారి చెప్పవలసిన పని వెయిటర్‌ది కాదు, ఫ్లోర్ ఇన్‌ఛార్జిది. మూడోసారి ఎవరూ ఏమీ చెప్పరు, ఆ బల్ల తాలూకు తరువాతి ఆర్డరు వంటగదికి వెళ్ళదు. "బిర్యానీ ఏదీ అని వాళ్ళే అడుగుతారండి, అప్పుడు చెప్తాం" అన్నారాయన. జనవరి తరువాత ఇన్‌ఛార్జి లేకుండా డాబా తెరవడం లేదట. ఆ రాత్రి మేము డాబా మీదే కూర్చున్నాం. ఇన్‌ఛార్జిగా ఉన్న అమ్మాయి మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఒక బల్ల దగ్గర ఒకతను చొక్కా జేబులోకి చేయి పోనిచ్చాడు, ఆమె అటు నడిచింది, చేయి ఖాళీగా బయటికి వచ్చింది. అంతకుమించి ఏమీ జరగలేదు కనుక ఆ మూడంచెల పద్ధతి చివరిదాకా పోతే ఎలా ఉంటుందో నేను చూడలేదు.

ఇక్కడ ముప్పై కన్నా ఎక్కువ మంది కూర్చునే వీలుంది కాబట్టి నిబంధనల ప్రకారం పొగతాగేవారికి వేరే గది పెట్టుకున్నారు: నాలుగువైపులా పైకప్పుదాకా గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, లోపలి గాలిని నేరుగా బయటికే పంపే ఫ్యాన్లు. గది వంటగదికి దూరంగా, వెనకవైపు ఉంది. సిగరెట్‌కు గది ఇచ్చినవాళ్ళు వేప్‌ను కూడా అక్కడికి పంపవచ్చు కదా అని అడిగాను, ఎందుకంటే చాలామందికి తట్టే మధ్యేమార్గం అదే. ఆయన ఒప్పుకోలేదు. సిగరెట్ దుకాణంలో దొరికే వస్తువు, ఇది దేశంలో అమ్మకూడని వస్తువు. ఆ గదిలో ఒకరు తెచ్చి మరొకరికి అమ్మినా, పంచినా అది తన కప్పు కింద జరిగిన పంపిణీ అవుతుందని ఆయన భయం. అతిథులు "రిసెప్షన్‌లో దాచండి, వెళ్ళేటప్పుడు తీసుకుంటాం" అన్నా ఇక్కడ తీసుకోరు. నిల్వకు చోటు ఇచ్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా యాభైవేల వరకు జరిమానా లేదా రెండూ అని చట్టంలో ఉన్నది ఆయనకు కంఠతా వచ్చు. ఆ సెక్షన్ సరుకు నిల్వ గురించి మాట్లాడుతుంది, ఒక అతిథి జేబులోని ఒక్క పరికరాన్ని ఉద్దేశించి రాసింది కాదని నాకనిపిస్తుంది. అయినా 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధించిన తరువాత తనిఖీలంటే హోటళ్ళవాళ్ళకు ఉన్న బెదురు తెలిసినదాన్ని కనుక ఆయన అతి జాగ్రత్తను తప్పుపట్టలేను.

ఒక్క చోట మాత్రం ఈ నియమం ఓడిపోతున్నది, టాయిలెట్లలో. తలుపు మూసుకున్న గదిలో ఎవరేం చేస్తున్నారో సిబ్బంది చూడలేరు, చూడకూడదు కూడా. పురుషుల వైపు మూడుసార్లూ ఏదో పండు వాసన వచ్చిందని మావారు అన్నారు. పొగను పసిగట్టే అలారం దట్టమైన ఆవిరికి కూడా మోగవచ్చు, కానీ ఒకరు గుట్టుగా లాగిన దమ్ముకు మోగదు. దాన్ని అంత సున్నితంగా అమర్చితే వంటగది తాలింపుకే రోజుకు నాలుగుసార్లు మోగుతుంది. కనీసం బయటికి గాలి లాగే ఫ్యాన్లను పెద్దవి పెట్టవచ్చు, ఇప్పుడున్నవి పేరుకే తిరుగుతున్నాయి.

వెళ్ళదలచినవారికి కొన్ని వివరాలు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటితే నలభై నిమిషాలు నిలబడాలి, పన్నెండున్నరకే చేరండి. శ్వాస ఇబ్బంది ఉన్నవారు వెంట ఉంటే బుకింగ్ చేసేటప్పుడే ఆ మాట చెప్పండి, మెట్లకు దూరంగా, పొగగది లేని వైపు బల్ల ఇస్తారు. మాకు మార్చిలో అలాగే ఇచ్చారు. ఇద్దరికి భోజనం, ఒక మాంసాహార వంటకంతో కలిపి, మాకు వెయ్యి రూపాయలకు కాస్త పైన అయింది. కారు పెట్టుకునే చోటు తక్కువ. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను, జనవరి రాత్రి లేకపోతే నాలుగు ఇచ్చేదాన్ని. నేను రాసిచ్చిన చీటీ ఏమైందని వచ్చేటప్పుడు అడిగితే, కొత్త బోర్డు చేయడానికి ఇచ్చామని మేనేజరు అన్నారు. చేతులు కడుక్కునే చోట ఇంకా ఆ "వేపింగ్ చేయరాదు"యే వేలాడుతున్నది.